బండి మెత్తబడితే

1948 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో సిట్రోయెన్ కంపెనీ 2సీవీ అనే చిన్న కారును జనం ముందుకు తెచ్చింది. ఫ్రెంచి పల్లె రైతు కోసం తయారైన బండి అది. యుద్ధానికి ముందే, కంపెనీని నడిపిన పియేర్ బూలాంజే తన ఇంజనీర్లకు కొన్ని షరతులు పెట్టాడు. వాటిలో ఒకదాన్ని మోటారు చరిత్ర చదివేవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు: దున్నిన పొలంలో పడి నడిపినా బుట్టలోని కోడిగుడ్లు పగలకూడదు. ఇంజనీర్లు ఆ మాట నిలబెట్టారు. స్ప్రింగులు ఎంత మెత్తనివి పెట్టారంటే, మలుపులో ఆ కారు ఒరిగిన ఫొటో చూస్తే ఇక బోల్తాయే అనిపిస్తుంది. అయినా చక్రాలు నేలను పట్టుకునే ఉండేవి. ఒక పక్కన ఉన్న ముందు చక్రం స్ప్రింగునూ వెనక చక్రం స్ప్రింగునూ నేలబల్ల కింద ఒకే గొట్టంలో కలిపారు. ముందు చక్రం గట్టెక్కగానే వెనక భాగం కూడా కాస్త లేచి, బండి తలూపకుండా సర్దుకునేది. ఊపును చంపడానికి విడిగా వేరే భాగాలు ఉండేవి. 1990 దాకా ఆ బండి తయారవుతూనే ఉంది.

అంటే మెత్తదనం దానంతట అదే జబ్బు కాదు. పుట్టుకతో మెత్తగా ఉన్న బండిలో ఆ మెత్తదనానికి తగిన పగ్గాలు కూడా పుట్టుకతోనే ఉంటాయి. పుట్టినప్పుడు బిగువుగా ఉండి, లక్ష కిలోమీటర్లు తిరిగాక మెత్తబడిన బండి సంగతి వేరు. దానిలో ఏదో ఒక పగ్గం తెగింది. ఏది తెగిందో తెలుసుకోకుండా చేసే మరమ్మతు చాలాసార్లు బండిని ఇంకా చెడగొడుతుంది. ఈ అధ్యాయమంతా ఆ పగ్గాన్ని వెతకడం గురించే.

"బండి బాగా మెత్తగా ఉంది, ఊగుతోంది" అన్న ఒక్క ఫిర్యాదులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. బండి ఎంత దిగుతోంది, ఎంత నెమ్మదిగా ఊగుతోంది అన్నది మొదటిది. అది స్ప్రింగు సంగతి. మొదలైన ఊపు ఎంతసేపటికి ఆగుతోంది అన్నది రెండోది. అది షాకబ్జరు సంగతి. స్ప్రింగు బండి బరువు మోస్తుంది, గతుకు తగిలినప్పుడు కుంగి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని మళ్ళీ వెనక్కి ఇచ్చేస్తుంది కూడా. ఇచ్చేయడంతోనే ఊపు పుడుతుంది. ఆ ఊపులోని శక్తిని పట్టి వేడిగా మార్చి గాలిలో కలిపేయడం షాకబ్జరు పని. బండి బరువులో అది మోసేది దాదాపు ఏమీ లేదు. అందుకే కిందికి కూర్చున్న బండికి కొత్త షాకబ్జర్లు వేయించి, ఎత్తు పెరగలేదేమని మెకానిక్కుతో గొడవపడితే లాభం లేదు.

స్ప్రింగు మీద ఊగే వేగాన్ని లెక్కగట్టడానికి ఒక సులువైన దారి ఉంది. బండి బరువు పడ్డాక స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూసి, దాని వర్గమూలంతో 5ను భాగిస్తే, సెకనుకు ఎన్ని ఊపులో వస్తుంది. 25 సెం.మీ. దిగితే సెకనుకు 1 ఊపు. 16 సెం.మీ. దిగితే 1.25. 4 సెం.మీ. మాత్రమే దిగే గట్టి స్ప్రింగయితే 2.5. కార్లు చేసేవాళ్ళు ఎక్కువగా 1కీ 1.5కీ మధ్య ఉండేలా చూస్తారు. దీనికి కారణం మన ఒంట్లోనే ఉంది. కూర్చున్న మనిషి మొండెం సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురును అన్నిటికంటే ఎక్కువగా బాధపడుతూ గ్రహిస్తుంది. కాబట్టి బండి ఊపు అంతకంటే బాగా కింద ఉండాలి. అలాగని మరీ కిందికి పోతే ఇంకో గొడవ. అయిదు సెకన్లకు ఒకసారి చొప్పున వచ్చే నెమ్మది ఊపు కడుపులో తిప్పుతుంది. సముద్రం మీద పడవ ప్రయాణాల్లో వాంతులు అందుకే. ఈ రెండు బాధల మధ్య ఉన్న సన్నని జాగాలో కారు ప్రయాణం సాగుతుంది.

ఇక షాకబ్జరు. గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనులో సన్నని కంతలు, వాటి మీద పల్చటి ఉక్కు పొరలతో చేసిన వాల్వులు. ఇంజెక్షను సిరంజిని నెమ్మదిగా నొక్కితే నీళ్ళు తేలిగ్గా వస్తాయి, గట్టిగా తోస్తే వేలికి ఎదురు తిరుగుతుంది. షాకబ్జరు గుణం సరిగ్గా అదే. వేగం పెరిగినకొద్దీ అడ్డగింత పెరుగుతుంది. మామూలుగా అది కుంగేటప్పటికంటే సాగేటప్పుడు ఎక్కువగా అడ్డుకుంటుంది. చక్రం గతుకు ఎక్కేటప్పుడు దారి ఇచ్చి, ఆ తర్వాత స్ప్రింగు బండిని పైకి విసిరేటప్పుడు గట్టిగా పట్టుకోవాలి కదా.

ఈ పట్టు ఎంత ఉండాలన్నదానికి కూడా లెక్క ఉంది. ఊపు అసలు పుట్టకుండా, బండి మెల్లగా యథాస్థానానికి చేరడానికి కావలసిన పట్టును 1 అనుకుంటే, కార్లలో పెట్టేది సుమారు 0.2 నుంచి 0.4. 0.3 ఉన్న బండిని 10 సెం.మీ. కుంగదీసి వదిలితే, తర్వాతి ఊపులో అది 1.4 సెం.మీ. మాత్రమే దిగుతుంది. కంటికి ఒక్క ఊపుతో ఆగినట్టే. షాకబ్జరు అరిగి అది 0.1కి పడిపోయిందనుకోండి. 10 సెం.మీ. తర్వాత 5.3, ఆ తర్వాత 2.8, ఆ తర్వాత 1.5. స్పీడ్ బ్రేకరు దాటి ఇరవై గజాలు పోయినా బండి ఇంకా తల ఆడిస్తూనే ఉంటుంది. స్ప్రింగు మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

షాకబ్జరు ఒక్క రోజులో చావదు. కడ్డీ చుట్టూ ఉన్న సీలు అరిగి నూనె కొంచెం కొంచెంగా పోతుంది, లోపల నింపిన గ్యాసు తగ్గుతుంది, వాల్వు పొరలు అలసిపోతాయి. రోజూ స్టీరింగు పట్టేవాడి చేతులూ కళ్ళూ ఆ మార్పుకు అలవాటు పడిపోతాయి. తెలియకుండానే మలుపుల్లో వేగం తగ్గిస్తాడు, స్టీరింగును ముందుగా తిప్పడం మొదలుపెడతాడు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన తమ్ముడు ఒక్క పూట నడిపి "ఏంటన్నయ్యా, బండి తేలిపోతోంది?" అంటే అప్పుడు ఇంట్లోవాళ్ళకు అనుమానం వస్తుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. అలవాటు పడని మనిషి ఒళ్ళు మంచి కొలమానం.

పరీక్ష మొదలుపెట్టేటప్పుడు బండి కిందికి దూరే ముందు మూడు తేలికైన విషయాలు చూడాలి. బండిలో మోస్తున్న బరువెంత? టైర్లలో గాలి ఎంత? సీటు దిండు ఎలా ఉంది? టైరు కూడా ఒక స్ప్రింగే. సరైన గాలి ఉన్న కారు టైరు, సస్పెన్షన్ స్ప్రింగు కంటే సుమారు పది రెట్లు గట్టిది. గాలి బాగా తగ్గితే దాని పక్క గోడలు మెత్తబడి, లేను మారినప్పుడల్లా బండి వెనక భాగం ఒక అర క్షణం ఆలస్యంగా వచ్చినట్టు అనిపిస్తుంది. షాకబ్జర్లు పోయాయని చెప్పే లక్షణం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. గాలిని చల్లటి టైర్లలో, పొద్దున బండి తీయకముందే కొలవాలి. ఎండలో ముప్పై కిలోమీటర్లు నడిచిన టైరు చూపించే అంకె నిజం చెప్పదు. సీటు సంగతికొస్తే, పదేళ్ళు ఒకే మనిషి కూర్చున్న డ్రైవరు సీటులో ఫోము చచ్చిపోయి, ఊపంతా దానిదే అయిన బండ్లు ఉన్నాయి. పక్క సీట్లో కూర్చుని అదే దారిలో ఒకసారి తిరిగితే ఈ సందేహం తీరిపోతుంది.

ఆ తర్వాత ఎత్తు. సమంగా ఉన్న నేల మీద ఖాళీ బండిని నిలిపి, ప్రతి చక్రం నడిబొడ్డు నుంచి దాని పైన ఉన్న ఫెండరు అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి రెండూ లెక్కలోకి వచ్చి తికమక పెడతాయి. ఎడమ, కుడి కొలతల్లో తేడా ఒక సెంటీమీటరు దాటితే ఆ మూల స్ప్రింగును జాగ్రత్తగా చూడాలి. కాయిల్ స్ప్రింగు తరచుగా అడుగు చుట్టు దగ్గర విరుగుతుంది. అక్కడ గిన్నెలాంటి ఆసరాలో ఇసుకా వాననీళ్ళూ చేరి తుప్పు పట్టిస్తాయి. విరిగిన ముక్క అక్కడే ఇరుక్కుని ఉండి, పైనుంచి చూస్తే స్ప్రింగు బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

"స్ప్రింగులు మెత్తబడ్డాయి" అన్న మాట గ్యారేజీల్లో రోజూ వినిపిస్తుంది. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఉక్కుకు సహజంగా ఉండే బిగువు వయసుతో తగ్గదు. ఇరవై ఏళ్ళ స్ప్రింగును ఒక సెంటీమీటరు కుంగదీయడానికి ఎంత బలం కావాలో, కొత్తదానికీ దాదాపు అంతే కావాలి. ముసలి స్ప్రింగు చేసేది పొట్టిబడడం. ఏళ్ళ తరబడి బరువు కింద నలిగి, శాశ్వతంగా కొంత పొడవు కోల్పోతుంది. అందుకే బండి కిందికి కూర్చుంటుంది. దానివల్ల మనకు తెలిసే బాధ మెత్తదనం కూడా కాదు. చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా తగ్గిపోయి, చిన్న గుంతకే బంప్ స్టాపరు (చక్రం కదలికకు పై హద్దుగా ఉండే దిమ్మ) మీదికి వచ్చి ధబ్బున కొట్టుకుంటుంది. కాబట్టి ఒకే బండి కొంత దూరం తేలుతూ, మధ్యమధ్యలో వెన్ను అదిరేలా కొడుతుంటే స్ప్రింగు పొట్టిబడింది, షాకబ్జరు అరిగింది, రెండూ కలిసి వచ్చాయి అని అర్థం చేసుకోవచ్చు.

స్ప్రింగు నిజంగా మెత్తబడే సందర్భం ఒకటుంది. అది తుప్పు. కాయిల్ స్ప్రింగు గట్టిదనం తీగ మందాన్ని నాలుగుసార్లు హెచ్చవేసిన లెక్కతో మారుతుంది. 12 మి.మీ. తీగలో తుప్పు తిని అర మిల్లీమీటరు పోతే గట్టిదనం 16 శాతం దాకా పడిపోతుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖ లాంటి ఊళ్ళలో పాత బండి స్ప్రింగు మీద రంగు పెచ్చులు లేచి కనిపిస్తే ఇది గుర్తుపెట్టుకోవాలి. కమాను కట్టల బండ్లలో ఇంకో రకం మెత్తదనం ఉంది. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకోవడం వల్ల పుట్టే ఒరిపిడి కూడా ఊపును కొంత చంపుతుంది. పట్టీల మధ్య గ్రీజు పెట్టినా, "మెత్తగా ఉంటుంది" అని ఒక పట్టీ తీయించేసినా ఆ సాయం తగ్గిపోతుంది. ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్లు ఉన్న అంబాసిడర్లను నడిపిన పాత డ్రైవర్లకు ఇది బాగా తెలిసిన విద్య.

ఇప్పుడు చేత్తో నొక్కి చూసే పరీక్ష. ఒక మూల మీద ఒంటి బరువంతా వేసి, బండి ఊగే తాళానికి సరిగ్గా రెండు మూడుసార్లు నొక్కి, అది కింద ఉన్నప్పుడు చెయ్యి తీసేయాలి. బండి పైకి లేచి, తన స్థానానికి వచ్చి ఆగితే మంచిదే. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జరు పోయినట్టే. ఈ పరీక్షను నమ్మాల్సింది ఒకవైపు నుంచే. ఇందులో తప్పిన షాకబ్జరు నిజంగానే చెడింది. ఇందులో నెగ్గినది బాగుందని మాత్రం చెప్పలేం. కారణం రెండు రకాల ఊపులు ఉండడం. మనం చేత్తో పుట్టించేది బండి పైభాగం ఊపు, సెకనుకు ఒకటో ఒకటిన్నరో. చక్రం, బ్రేకు, ఇరుసు ముక్క కలిసి టైరు మీద ఎగిరే ఊపు దానికి వేరు. 38 కిలోల చక్రం సామగ్రి, మామూలు కారు టైరు గట్టిదనం తీసుకుని లెక్కవేస్తే అది సెకనుకు 12 దగ్గర తేలుతుంది. ఆ వేగంలో చెయ్యి ఏ బండినీ ఊపలేదు. పైగా స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా కలిసిన భాగం) లోపలి ఒరిపిడీ రబ్బరు బుష్‌ల బిగువూ కలిసి, అరిగిన షాకబ్జరును మనకు మంచిదానిలా చూపిస్తాయి.

రెండో రకం ఊపు తన గుర్తులను టైరు మీద వదిలి వెళుతుంది. అరచేతిని టైరు గుబ్బల మీద చుట్టూ మెల్లగా రాస్తూ పోండి. కొంచెం కొంచెం దూరంలో పల్లాలు తగిలితే, ఆ చక్రం రోడ్డు మీద నడవలేదు, గెంతింది. ఆ పల్లాలు వీల్ బ్యాలెన్సు లేకపోయినా రావచ్చు కాబట్టి అది కూడా సరిచూడాలి. అయినా పల్లాలు ఉన్న చక్రం పక్కనున్న షాకబ్జరును నేనైతే ముందుగా అనుమానిస్తాను.

షాకబ్జరు మీద నూనె కనబడగానే మార్చేయమనే మెకానిక్కులున్నారు. తొందరపడొద్దు. సీలు దగ్గర పల్చగా చెమ్మ పట్టి, దానిమీద దుమ్ము అంటుకుని ఉండడం మామూలే. కడ్డీ తడి ఆరకుండా ఉండాలంటే ఆ మాత్రం నూనె రావాల్సిందే. నూనె ధారగా గొట్టం అడుగు దాకా దిగి ఉంటేనే కారుతున్నట్టు. అలాగే, కారకపోయినంత మాత్రాన బాగుందనీ కాదు. గ్యాసు పోయిన షాకబ్జరు బయటికి పొడిగానే ఉంటుంది. గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు బాగా నడిచి, ఆ తర్వాత వదులైపోతుంది, ఎందుకంటే వేగంగా ఆడే పిస్టను వెనక నూనె నురగై, నురగ వాల్వుల్లోంచి అడ్డూ ఆపూ లేకుండా జారిపోతుంది. "పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి ఊగుతుంది" అని ఎవరైనా చెప్తే ఈ జబ్బును తలుచుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇంకెక్కడైనా అనుభవమున్న మెకానిక్కు చేసే ఒక పని ఇక్కడ పనికొస్తుంది. చెడ్డ రోడ్డు మీద కొంతసేపు తిప్పి వచ్చాక, సైలెన్సరుకు చెయ్యి తగలకుండా చూసుకుంటూ, నాలుగు షాకబ్జర్లనూ తాకి చూడడం. పనిచేసినది వెచ్చగా ఉంటుంది, ఊపులోని శక్తి వేడిగా మారింది కాబట్టి. తన జతకంటే బాగా చల్లగా ఉన్నది పని మానేసింది.

రోడ్డు మీద పరీక్షించేటప్పుడు బండి ఎప్పుడు ఊగుతోందన్నదే ఆరా తీయాలి. తిన్నటి రోడ్డులో ఊపు లేదు, మలుపులో మాత్రం విపరీతంగా ఒరుగుతోంది అంటే షాకబ్జర్ల జోలికి పోకముందు, ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరుగును ఆపే యాంటీ రోల్ బారునూ దాని లింకు రాడ్లనూ చూడాలి. ఒక పక్క లింకు ఊడితే ఆ బారు ఉండీ లేనట్టే. బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగి, వదలగానే మళ్ళీ పైకి ఎగిరి ఊగితే ముందు షాకబ్జర్లు. హైవే మీద వంతెన మొదట్లో ఉండే ఎత్తుపల్లాన్ని 70, 80 కి.మీ. వేగంతో దాటినప్పుడు కడుపు పైకి తేలినట్టయితే, సాగేటప్పటి పట్టు పోయింది. బండి మెత్తగా అనిపించక, కుదురు లేనట్టు, గతుకు గతుకుకూ కిందనుంచి టక్కుమని శబ్దం చేస్తూ ఉంటే బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన ఉండే మౌంటింగు చూడాలి.

వెనక సీట్లో కూర్చున్నవాళ్ళే ఎక్కువ ఫిర్యాదు చేస్తున్నారా? దీని వెనక మంచి చరిత్ర ఉంది. 1930లో రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలో కాడిలాక్‌కు వెళ్ళిన మారిస్ ఆలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు, బరువుల్ని ముందుకీ వెనక్కీ జరపడానికి వీలున్న ఒక పరీక్షా కారును కట్టించి, స్ప్రింగుల్ని మార్చి మార్చి మనుషుల్ని కూర్చోబెట్టి నడిపి చూశాడు. వెనక స్ప్రింగులు ముందు వాటికంటే కొంచెం వేగంగా ఊగేలా ఉంటే ప్రయాణం హాయిగా ఉంటుందని తేలింది. గతుకును ముందు చక్రాలే మొదట ఎక్కుతాయి. వెనక భాగం ఆలస్యంగా ఊపు మొదలుపెట్టినా, కాస్త వేగంగా ఊగి ముందు భాగాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి తల వంచుతూ ఎత్తుతూ ఉండకుండా, మొత్తంగా పైకీ కిందికీ కదులుతుంది. తలూపే కదలిక కంటే ఆ కదలికను మనిషి చాలా తేలిగ్గా భరిస్తాడు. ఇప్పటికీ కార్ల స్ప్రింగుల లెక్క ఇక్కడినుంచే మొదలవుతుంది.

ఈ లెక్కను ఏడుగురు కూర్చునే మన కుటుంబ బండికి పెట్టి చూద్దాం. ఖాళీగా ఉన్నప్పుడు వెనక స్ప్రింగుల మీద 500 కిలోలు, ఊపు సెకనుకు 1.5, ముందు ఊపు 1.3 అనుకుందాం. ఆలీ కోరినట్టే ఉంది. చివరి వరసలో ముగ్గురు, డిక్కీలో పెట్టెలు, పైన క్యారియరు మీద మూటలు కలిపి వెనక 300 కిలోలు పెరిగితే, ఆ ఊపు 1.2కు పడిపోతుంది. ఇప్పుడు వెనక భాగమే ముందుకంటే నెమ్మదిగా ఊగుతోంది. వరస తారుమారైంది, బండి తలూపడం మొదలుపెడుతుంది. పైగా అదే షాకబ్జరు పెరిగిన బరువును పట్టాలి కాబట్టి, 0.3గా ఉన్న పట్టు 0.24కి తగ్గుతుంది. సగం అరిగిన షాకబ్జరు ఊళ్ళో ఇద్దరితో తిరిగినంతకాలం గుట్టుగా నెట్టుకొచ్చి, శ్రీశైలం ఘాట్‌లో నిండు కుటుంబంతో బయటపడేది ఇందుకే. వరస మలుపుల్లో నెమ్మదిగా పక్కలకు ఒరగడం, తలూపుడు రెండూ కలిసి చివరి వరసలో కూర్చున్న పిల్లలకు వాంతులు తెప్పిస్తాయి. పిల్లలకు ఘాట్ పడదని సరిపెట్టుకునే ముందు, వెనక షాకబ్జర్లు చూపించమని తల్లిదండ్రులను నేను గట్టిగా కోరతాను.

గాలి బుడగల సస్పెన్షన్ ఉన్న పెద్ద బస్సుల్లో ఈ చిక్కు చాలా తక్కువ. జనం ఎక్కినకొద్దీ లెవెలింగు వాల్వు ఆ బుడగల్లోకి గాలి ఎక్కిస్తుంది, పీడనంతోపాటు గట్టిదనమూ పెరుగుతుంది, ఊపు వేగం దాదాపు మారదు. అక్కడ జబ్బు వేరుగా కనబడుతుంది. రాత్రి సమంగా నిలిపిన బస్సు పొద్దున్నకి ఒక పక్కకు వాలి ఉంటే ఎక్కడో గాలి కారుతోంది.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టే మరమ్మతు. ఊగుతున్న బండికి కాయిల్ స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించడం. షాకబ్జర్ల జత కంటే ఇవి చవక. వేసిన మరుక్షణం బండి ఒక వేలెడు లేస్తుంది, చేత్తో నొక్కితే బిగువుగా అనిపిస్తుంది, డబ్బు ఇచ్చినవాడు తృప్తిగా ఇంటికి వెళతాడు. జరిగిందేమిటో చూడండి. చుట్లలో కొన్నిటి కదలిక కట్టడి కావడంతో స్ప్రింగు గట్టిబడింది. 40 శాతం గట్టిబడిందనుకుందాం. ఊపు వేగం 18 శాతం పెరుగుతుంది. షాకబ్జరు మాత్రం అదే ముసలిది. స్ప్రింగు గట్టిబడినకొద్దీ దాన్ని పట్టి ఆపడానికి కావలసిన బలం కూడా పెరుగుతుంది కాబట్టి, 0.1గా ఉన్న పట్టు 0.085కి దిగుతుంది. ఊపు చిన్నదైంది, ఆగడానికి మరిన్ని ఊపులు పడుతుంది, ఒక్కో ఊపూ ఇంకా విసురుగా వస్తుంది. చక్రం నేలను వదిలి గెంతడం ఏమాత్రం తగ్గలేదు. స్ప్రింగు లోపం ఉన్నచోట, అంటే షాకబ్జర్లు మంచివై ఉండి, ఎప్పుడూ నిండు బరువుతో తిరిగే బండి బంప్ స్టాపర్ల మీద కొట్టుకుంటున్నప్పుడు, బఫర్లు కొంత మేలు చేస్తాయి. షాకబ్జరు జబ్బుకు అవి మందు కావు. ఒకే ఫిర్యాదు కింద రెండు జబ్బులు ఉన్నాయని మొదట చెప్పింది ఇందుకే.

ఆ గెంతులో ప్రాణం మీదికి వచ్చే విషయం ఉంది. టైరు పట్టు దానిమీద ఉన్న బరువుతో పెరుగుతుంది, కానీ అదే నిష్పత్తిలో పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపుకంటే తక్కువే అవుతుంది. గెంతే చక్రం మీద ఒక క్షణం బరువు ఎక్కువ, మరో క్షణం తక్కువ. సగటు బరువు మారలేదు, సగటు పట్టు మాత్రం పడిపోయింది. తేలిక పడ్డ క్షణంలో పోగొట్టుకున్న పట్టును బరువెక్కిన క్షణం పూర్తిగా తిరిగి ఇవ్వదు. బ్రేకు వేసినప్పుడు ఇది బండి ఆగే దూరాన్ని పెంచుతుంది. ఏబీఎస్ ఉన్న బండిలో అయితే చక్రం గాలిలో తేలిన క్షణాన్ని కంప్యూటరు జారుడుగా భావించి ఆ చక్రానికి బ్రేకు వదిలేస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద తేలిక పడ్డ టైరు నీటి పొరను చీల్చుకుని నేలను చేరలేదు. మెత్తగా, హాయిగా ఉందని సంబరపడుతున్న బండి నిజానికి ఆగవలసినచోట ఆగదు. సస్పెన్షన్ గురించి మాట్లాడినప్పుడు సుఖం మాటే ఎక్కువ వినబడుతుంది. టైరును నేల మీద ఉంచడం దానికంటే ముందు చెప్పుకోవలసిన పని.

ఈ సంగతిని నేరుగా కొలిచే యంత్రం ఉంది. ఐరోపా షాకబ్జరు తయారీదారుల సంఘం రూపొందించిన పద్ధతి అది. చక్రాన్ని ఒక పలక మీద నిలబెట్టి, పలకను 6 మి.మీ. మేర సెకనుకు 25 సార్లు అదిలించి, మోటారు ఆపేస్తారు. అదురు నెమ్మదిస్తూ, చక్రం గెంతే వేగం దగ్గరికి వచ్చినప్పుడు పలక మీద బరువు అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ కనిష్ఠ బరువు, నిలిచి ఉన్నప్పటి బరువులో ఎంత శాతమో యంత్రం చూపిస్తుంది. 20 కంటే తక్కువ వస్తే ఆ మూల పట్టు ప్రమాదకరంగా ఉన్నట్టు. ఎడమ, కుడి అంకెల మధ్య పెద్ద తేడా కూడా అంతే చెడ్డది. టైర్లలో గాలి సరిచూడకుండా ఎక్కిస్తే ఈ యంత్రం కూడా తప్పు చెబుతుంది.

మార్చాలని తేలాక, ఒకే ఇరుసు మీద ఉన్న రెండు షాకబ్జర్లనూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క ముసలిది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు. బంప్ స్టాపరు నలిగి పొడి రాలుతుంటే అదీ, దుమ్ము ఆపే రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అదీ అప్పుడే వేయించాలి, లేకపోతే కొత్త సీలును ఇసుక తినేస్తుంది. స్ట్రట్ పై నట్టును, స్ప్రింగును పనిముట్టుతో బిగించి నొక్కి ఉంచకుండా ఎవరినీ విప్పనివ్వకండి. మనుషుల ప్రాణాలు తీయగల శక్తి ఆ చుట్లలో దాగి ఉంటుంది. స్ట్రట్లు విప్పి బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు.

చివరగా, చాలాచోట్ల తప్పిపోయే ఒక చిన్న పని. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టుల్ని బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడే పూర్తిగా బిగించేస్తుంటారు. ఆ రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, మెలిపడుతూ పనిచేస్తుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండిని దించినప్పటినుంచీ అది మెలిపడే ఉంటుంది. కొన్నాళ్ళు బండిని కాస్త ఎత్తుగా నిలబెట్టి, ఆ తర్వాత చిరిగిపోతుంది. బోల్టును చేతి బిగువుకు మాత్రం తిప్పి, బండిని నాలుగు చక్రాల మీదికి దించి, ముందుకీ వెనక్కీ కొంచెం జరిపి, బరువంతా పడ్డాక కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. కొత్త స్ప్రింగులు కూడా వేసి ఉంటే, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి అవి సర్దుకున్నాక, ఫెండరు అంచు కొలతలు మళ్ళీ తీసి కాయితం మీద రాసి బండిలోనే ఉంచండి. తర్వాత ఎప్పుడైనా బండి మెత్తగా అనిపించిన రోజున మెకానిక్కు మొదట అడగవలసింది ఆ కాయితమే.